జమ్ము నాటితే గేదెల పాక మురుగు శుభ్రపడుతుందా?

ప్రశ్న: మాకు 10 గేదెలున్నాయి. పాక కడిగిన నీళ్లు రోజుకు 500 లీటర్ల దాకా పక్కనున్న గుంటలోకి పోతున్నాయి. గుంట నల్లబడి కంపు కొడుతోంది. వానలకు పొంగి పంట కాలువలో కలుస్తోందని పక్క రైతులు గొడవ పడుతున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. గుర్రపుడెక్క గానీ జమ్ము గానీ వేస్తే మురుగంతా మొక్కలే పీల్చుకుంటాయని కొందరన్నారు. నిజమేనా? ఆ నీళ్లు పశుగ్రాసానికి పెట్టుకోవచ్చా?
– ఒక పాడి రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: జమ్ము పనికొస్తుంది, గుర్రపుడెక్క వద్దు. అయితే మురుగును మొక్కే పీల్చుకుంటుందన్న మాట సగం కూడా నిజం కాదు. మొక్క తీసుకునేది కొంతే. అసలు పని దాని వేళ్లను అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవులది. మీరు కాపాడుకోవాల్సింది వాటిని.

వరి దుబ్బు పీకినప్పుడు వేళ్ల మీద తుప్పు రంగు పూత చూసే ఉంటారు. నీరు నిలిచిన మట్టిలో గాలి ఉండదు కాబట్టి వరి పైనుంచి గాలిని కాండంలోని సందుల గుండా వేళ్లకు పంపుకుంటుంది. అందులో కొంత బయటికి వచ్చి మట్టిలోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. జమ్ము కూడా అంతే. వేరు చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల మేర ఆక్సిజన్ ఉంటుంది, దాన్ని దాటితే ఉండదు. ఈ రెండు రకాల చోట్లూ పక్కపక్కనే ఉండటం వల్లే నీరు శుభ్రపడుతుంది.

గేదె మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాను వేరు దగ్గరి బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్‌తో నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కాస్త దూరం జరగగానే, గాలి లేని చోట ఉండే మరో రకం బ్యాక్టీరియా అందులోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని గాలిలోకి వదిలేస్తుంది. వేళ్ల నుంచి ఊరే చక్కెరలు వీటికి కొంత ఆహారం. వరి మడిలో యూరియా వృథా అయ్యే దారుల్లో ఇదొకటి. మడిలో అది మనకు నష్టం, మీ గుంటలో అదే కావాలి. భాస్వరం మాత్రం గాలిలోకి పోదు, కంకరకు, మట్టికి అంటుకుంటుంది. కొన్నేళ్లకు ఆ శక్తి తగ్గుతుంది. జర్మనీలో కాతె జైడెల్ అనే శాస్త్రవేత్త 1950లలోనే ఇలాంటి నీటి మొక్కలతో మురుగు శుద్ధి చేయవచ్చని ప్రయోగాలు మొదలుపెట్టారు.

వేళ్లు వదిలే ఆక్సిజన్ చాలా తక్కువ. పేడ ముద్దలు వచ్చి పడితే వెంటనే అయిపోతుంది, మళ్లీ అదే నలుపు, అదే కంపు. అందుకని కడిగే ముందు పేడను పారతో ఎత్తి పెంటకో గోబర్ గ్యాస్‌కో వేయండి. ఇది చేయకుండా మిగతావి ఎన్ని చేసినా డబ్బు దండగ. మిగిలిన నీరు రెండు గదుల తొట్టిలో రెండు రోజులు తేరుకోవాలి. తేరిన నీరే జమ్ము నాటిన కంకర మడికి వెళ్లాలి.

మీకు 23 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతున్న కంకర మడి సరిపోతుంది. కంకర మధ్య ఖాళీ 40 శాతం దాకా ఉంటుంది కనుక మీ నీరు అందులో తొమ్మిది రోజులు ఆగుతుంది. నల్లరేగడి ఎండితే బీటలిస్తుంది, అడుగున మందపాటి షీటు తప్పనిసరి. బయటికి వెళ్లే పైపుకు ఎల్బో పెట్టి, నీటి మట్టం కంకరకు మూడు అంగుళాల కింద ఉండేలా చూడండి. నీరు పైకి కనపడకపోతే దోమలు పెరగవు. పాక కప్పు మీది వాన నీటిని వేరే దారి పట్టించండి.

జమ్ము దుంపలను అడుగున్నర దూరంలో నాటండి. మెట్టతామర కూడా బాగా వస్తుంది. మొదటి నెల మంచి నీళ్లే పెట్టి, తర్వాత మురుగును కొద్దికొద్దిగా పెంచండి. ఏడాదికోసారి కోయండి, కానీ నీటి మట్టానికి పైనే. కింద కోస్తే మోళ్లలోకి నీరు దిగి, గాలి అందక దుంప కుళ్లుతుంది.

గుర్రపుడెక్క పోషకాలను త్వరగా లాగుతుంది, నిజమే. తీయకుండా వదిలితే కుళ్లి వాటిని మళ్లీ నీటికే ఇస్తుంది. మీ గుంట పొంగితే అది పంట కాలువలోకి పోతుంది. డెల్టా కాలువల్లో దాన్ని తొలగించలేక రైతులు పడుతున్న అవస్థ చాలు, మరో గుంట నుంచి పంపవద్దు.

ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, పిడుదుల మందు కొట్టాక గేదెలను కడిగిన నీళ్లు, గిట్టల కోసం వాడే మైలుతుత్తం నీళ్లు మడిలోకి పోనివ్వకండి. అవి పడితే బ్యాక్టీరియా చస్తుంది.

మడి నుంచి బయటికొచ్చే నీటిని సూపర్ నేపియర్ గడ్డికి నిశ్చింతగా పెట్టుకోండి. రోగక్రిములు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవు. అందుకని ఆకుకూరలకు, గేదెల తాగుడుకు వద్దు. పొలానికి పెట్టే మురుగునీటిలో బీఓడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) లీటరుకు 100 మిల్లీగ్రాములు, కాలువలోకి వదిలితే 30 దాటకూడదని కేంద్ర పర్యావరణ నిబంధన. 30కి తేవడం ఒక్క మడితో కష్టం, కాబట్టి కాలువ వైపు గండి పూర్తిగా మూసి నీరంతా గడ్డికే మళ్లించండి. రెండు మూడేళ్లకు నీరు లోపలికి వచ్చే చోట కంకర పూడుకుపోతే, ఆ మూడడుగుల కంకర తీసి కడిగి మళ్లీ పోస్తే చాలు.