సుండా, డేనిష్ భాషలను పోల్చబోతున్న మేనకోడలికి

బుజ్జమ్మా,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు పీహెచ్‌డీకి సుండా భాషనీ డేనిష్‌నీ తీసుకున్నావట. "ఒకటి జావాలో, ఒకటి డెన్మార్క్‌లో, ఈ రెండిటికీ ఏం సంబంధం అక్కా?" అని వాడి బెంగ. నాకైతే రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ దారి పట్టింది నువ్వే. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

చుట్టరికం లేదని వెనకాడకు. సుండా ఆస్ట్రోనేషియన్ కుటుంబానిది. ఇండోనేషియాలోని పడమటి జావాలో, ఆ దీవి పడమటి కొసనున్న బాంతెన్‌లో 3 కోట్లకు పైగా మంది మాట్లాడతారు. డేనిష్ జర్మానిక్ శాఖది, దాదాపు 60 లక్షల మందిది. ఇంత దూరపు భాషలను పక్కన పెడితేనే, ఒక భాష పట్టుబట్టి అడిగేదాన్ని ఇంకొకటి అసలు అడగదని తెలుస్తుంది. డేనిష్ క్రియకి కాలం చెప్పి తీరాలి: 'గోర్' అంటే నడుస్తుంది, 'గిక్' అంటే నడిచింది. నడిచింది ఒకరా పదిమందా అన్నది దానికి అక్కర్లేదు. సుండా క్రియకి కాలం లేదు. అయిపోయింది, అవుతోంది, కాబోతోంది అనడానికి విడి మాటలున్నాయి, అవసరమైతేనే వాడతారు. కానీ పదిమంది చేసే పనైతే ఆ సంగతి తరచుగా క్రియ మధ్యలోకే దూరుతుంది. పేరు మాటల్లోనూ ఉంది: 'బుదక్' పిల్లవాడు, 'బరుదక్' పిల్లలు. 'దహర్' తినడం, పదిమంది తింటే 'దలహర్'. మాట చివర 'ర' ఉంది కాబట్టి మధ్యలో 'ర'కి బదులు 'ల' వచ్చింది. పడమటి జావాలోని బాండుంగ్ నగరంలో మొదటిసారి ఇది చెవిన పడ్డప్పుడు నేను అన్నం తినడం మానేసి విన్నాను. మా ఇంటి ఓనరమ్మ నాకు కూర నచ్చలేదనుకుని నొచ్చుకుంది.

రికార్డర్, స్పేర్ బ్యాటరీలు, అనుమతి కాగితాలు, రెండు చోట్ల కాపీలు. ఇవి నీకు తెలిసినవే.

అచ్చులను అక్షరాలు చూసి లెక్కపెట్టకు. డేనిష్‌లో అచ్చు అక్షరాలు 9, పలికే అచ్చులు అంతకు రెట్టింపు దాటతాయి. సుండాలో పెదాలు గుండ్రం చేయకుండా పలికే 'ఉ' లాంటి అచ్చు ఒకటుంది, దాన్ని రోమన్‌లో రెండక్షరాలతో రాస్తారు. డేనిష్‌లో 'హున్' అంటే ఆమె. అదే మాటని గొంతు చటుక్కున బిగబట్టి అంటే కుక్క. ఆ బిగింపుని 'స్టోద్' అంటారు. బోర్న్‌హోమ్ దీవి వాళ్ళ మాటలో అది వినబడదు. కోపెన్‌హేగన్‌లో విన్నదే డెన్మార్క్ అంతా అనుకోకు.

ఇక అసలు నా భయం. మాతో పాటు చదివిన ఒకాయన ఇలాంటి పోలికే రాశాడు. సుండా అంతా ఒక్క మనిషి దగ్గరే నేర్చుకున్నాడు, బాండుంగ్‌లో ఒక బడి పంతులు దగ్గర. ఆ పంతులు చెప్పింది నిజమే: తినడానికి మామూలు మాట 'దహర్', నా గురించి అణకువగా 'నెద', పెద్దల గురించి 'తువాంగ్'. ఇల్లు, నిద్ర, రాక, పోక, ఇలా వందల మాటలకు ఈ మెట్లున్నాయి. ఇటు డేనిష్‌లో దాదాపు అందరినీ 'దు', అంటే 'నువ్వు' అనే పిలుస్తారు. దాంతో ఆయన తేల్చేశాడు: సుండా మనిషి స్వభావంలోనే అంతస్తులున్నాయి, డేనిష్ మనిషి స్వభావంలోనే సమానత్వం ఉంది. ఆయన రీసెర్చ్ గైడ్‌కి తెగ నచ్చింది.

తర్వాత బాంతెన్‌లో ఒక పల్లెకి వెళ్ళాం. అక్కడ ఒక ముసలావిడ ఊరి పెద్దతోనూ మనవడితోనూ ఒకే రకం మాటలు మాట్లాడింది, మాతోనూ అంతే. ఆయన నోట్సులో "చదువులేని మనిషి భాష" అని రాసుకున్నాడు. ఆ వాక్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మెట్లు మాతరాం అనే జావా రాజ్యం 17వ శతాబ్దంలో బాండుంగ్ చుట్టూ ఉన్న ప్రియాంగన్ కొండసీమని ఏలినప్పుడు, అక్కడి దొరల ద్వారా జావా భాష నుంచి వచ్చాయి. 1518 నాటి పాత సుండా గ్రంథంలో ఈ వరస కనబడదు. బాంతెన్‌లో అది పెద్దగా పాకలేదు, అక్కడి కొండల్లో ఉండే బదుయ్ తెగవాళ్ళ మాటలో అసలు లేదు. అంటే ఆవిడది చెడిపోయిన భాష కాదు. అటు డెన్మార్క్‌లో కూడా 1960ల దాకా కొత్తవాళ్ళని 'ది', అంటే 'మీరు' అని మన్నించేవాళ్ళు. ఒక్క తరంలో అది దాదాపు పోయింది. ఒక్క తరంలో పోయేది స్వభావం ఎలా అవుతుంది? ఆయన పోల్చింది రెండు జాతులను కాదు, బాండుంగ్ బడి మర్యాదనీ కోపెన్‌హేగన్ వీధి మాటనీ.

మీ నాన్న పంపిన నీ ప్లాన్‌లో "మర్యాద భాష, సూటి భాష" అని ఒక హెడ్డింగ్ చూశాను. కోపం వచ్చింది. కొట్టెయ్యి. మీ నాయనమ్మ ఊళ్ళో అందరినీ 'నువ్వు' అనేది, తహసీల్దారుని కూడా. నువ్వు ఆవిడ ఒళ్ళో పెరిగిన పిల్లవి. ఆవిడకి మర్యాద తెలీదని ఎవరైనా థీసిస్‌లో రాస్తే ఊరుకుంటావా తల్లీ?

ముందు సుండాని జావా భాష పక్కన, డేనిష్‌ని స్వీడిష్ పక్కన పెట్టి చూడు. డేనిష్ యాభై 'హల్‌త్రెస్', దాని వెనక రెండున్నర ఇరవైలనే పాత లెక్క ఉంది. స్వీడిష్‌లో అది మామూలుగా అయిదు పదులే. ఇలాంటివి పొరుగు భాషని చూస్తేనే బయటపడతాయి. ఎదురెదురుగా నిలబెట్టడం ఆ తర్వాత.

బాండుంగ్ దగ్గరి లెంబాంగ్ ఘాట్ రోడ్ల మీద వానలో బైక్ టాక్సీ ఎక్కకు. ఇది మాత్రం ఒట్టు వేసి చెప్పు. డిసెంబర్‌లో కోపెన్‌హేగన్‌లో మూడున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. గదిలో ఒక్కదానివే రికార్డింగులు వింటూ కూర్చోకు, ఎవరింటికైనా భోజనానికి వెళ్ళు. మాటలు అక్కడే దొరుకుతాయి.

నీ ప్రశ్నల పట్టిక ముందు నాకు పంపు. బాంతెన్ వెళ్ళొచ్చాకే మర్యాదల చాప్టర్ మొదలుపెట్టు. దారి ఖర్చు తక్కువైతే మీ నాన్నని అడగొద్దు, నన్నడుగు.

మీ అత్త