దువ్వెన చూస్తే మంచం కిందకి దూరిపోతోంది

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో మూడేళ్ల పొమేరియన్ ఉంది, పేరు బన్నీ. ఎండలకి పాపం ఒగరుస్తోందని ఏసీ గదిలోనే ఉంచుతున్నాం. ఈమధ్య రాత్రి దువ్వుతుంటే చిటపటమంటోంది, బొచ్చంతా లేచి దువ్వెనకి అంటుకుంటోంది. మొన్న ముద్దు పెట్టబోతే ముక్కు దగ్గర ఇద్దరికీ చురుక్కుమంది. అప్పట్నుంచి దువ్వెన తీస్తే చాలు, మంచం కిందకి దూరిపోతోంది. ఇదేమైనా జబ్బా? మా అత్తగారు బొచ్చంతా తీయించెయ్యమంటున్నారు.

జవాబు: జబ్బు కాదమ్మా, టెన్షన్ పడకండి. అది స్టాటిక్ కరెంటు. ప్లాస్టిక్ దువ్వెన పొడి బొచ్చుకి రాసుకున్నప్పుడు వెంట్రుకలన్నిటికీ ఒకే రకం ఛార్జి వస్తుంది, దాంతో ఒకదాన్నొకటి తోసుకుని లేచి నిలబడతాయి.

కాలవల మధ్య, చెరువుల మధ్య ఉన్న మన ఊళ్లలో, ఉప్పు డబ్బాకి మూత పెట్టడం మరిచిపోతే పొద్దుటికి చెమ్మగిల్లే చోట, ఇదెక్కణ్ణుంచి వచ్చిందని మీకు అనిపించొచ్చు. మామూలుగా గాలిలో తేమ ఉంటే ఆ ఛార్జి నిలవదు, ఎప్పటికప్పుడు పోతుంది. కానీ ఏసీ పైపు కింద బకెట్ పెట్టి చూడండి, అందులో చేరే నీళ్లన్నీ మీ గది గాలిలోవే. అంటే బన్నీ రోజంతా పొడిగాలిలో ఉంటోంది. దానికి తోడు పాలిస్టర్ దుప్పటి మీద దొర్లితే, మీరు రబ్బరు చెప్పులతో తిరిగితే ఇంకా పెరుగుతుంది. ముక్కు తడిగా ఉంటుంది కాబట్టి నిప్పురవ్వ అక్కడికే దూకుతుంది. మనకి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి, కానీ ఆ అంకె చూసి భయపడొద్దు, అందులో పారే కరెంటు చాలా కొంచెం, అదీ క్షణంలో అయిపోతుంది.

దువ్వడం మాత్రం ఏసీ గదిలో మానెయ్యండి. మే నెలలో మధ్యాహ్నం పడమటి గాలి కొట్టేటప్పుడు బయటా పొడిగానే ఉంటుంది, అందుకని సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక వరండాలో గచ్చు మీద కూర్చోబెట్టండి. మీరు చెప్పులు విప్పి, ముందు కిటికీ ఊచని ఒకసారి ముట్టుకుని, ఆ తర్వాత కుక్క మీద చెయ్యి వెయ్యండి. ప్లాస్టిక్‌ది పక్కన పడేసి స్టీలు దువ్వెన కొనుక్కోండి. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసి, కావాలంటే కుక్కలకి అమ్మే కండిషనర్ కొద్దిగా కలిపి, మొహం మీద పడకుండా, బొచ్చుని చేత్తో పాయలు తీస్తూ మంచు పడ్డట్టు సన్నగా చల్లుతూ దువ్వండి. తడిసి ముద్దయ్యేలా మాత్రం వద్దు, పొమేరియన్‌కి లోపల ఇంకో మెత్తటి పొర ఉంటుంది, మన ఉక్కపోతలో అక్కడ తడి నిలిస్తే చర్మం పాడవుతుంది. బట్టలకి వాడే కంఫర్ట్ లాంటివి అసలు చల్లకండి, కుక్క ఒళ్లు నాక్కుంటుంది, కడుపులోకి పోతే ప్రమాదం. కొబ్బరినూనె మనకి చేతికందే దూరంలోనే ఉంటుంది కానీ అదీ వద్దంటాను, జిడ్డుకి దుమ్మంతా పడుతుంది. మనుషుల షాంపూ వాడుతుంటే ఆపెయ్యండి, దాని వల్ల బొచ్చు ఇంకా పొడిబారుతుంది.

బొచ్చు తీయించడం గురించి అత్తగారికి నెమ్మదిగా చెప్పండి, ఆ పైపొరే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది, గొరిగిస్తే కొన్నిటికి మళ్లీ సరిగ్గా రాదు కూడా.

ఇక భయం సంగతి. మంచం కింద నుంచి లాగి పట్టుకుని దువ్వారంటే అది మిమ్మల్ని నమ్మడం మానేస్తుంది, దయచేసి ఆ పని చెయ్యకండి. నాలుగు రోజులు కొత్త దువ్వెనని దాని తిండి గిన్నె పక్కనే ఊరికే ఉంచండి. తర్వాత వీపు మీద రెండంటే రెండు సార్లు దువ్వి, కాస్త ఉడికించిన గుడ్డు పెట్టి వదిలెయ్యండి. చెవుల వెనక, చంకల్లో చిక్కులుంటే కంగారు పడి మొదటిరోజే వాటి జోలికి పోకండి, అది తనంతట తాను వచ్చి మీ ఒళ్లో కూర్చున్న రోజున వేళ్లతో విడదియ్యండి.