నూరువరహాల చిగుళ్లు పసుపెక్కుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా ప్రహరీ గోడ వెంట మూడేళ్ల కిందట నూరువరహాల మొక్కలు నాటాం. మొదట్లో ఎర్రటి గుత్తులు విరగబూశాయి. ఏడాదిగా చిగురాకులు పసుపు పచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటున్నాయి. బోరు నీళ్లే పోస్తున్నాం. పశువుల ఎరువు, యూరియా, డీఏపీ వేశాం. బలం వస్తుందని కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద కూడా పాదుల్లో కలిపాం. వరుస అందంగా కనిపించాలని నెలకోసారి పైన సమంగా కత్తిరిస్తున్నాం. ఇప్పుడు పూలు దాదాపు ఆగిపోయాయి. ఇది మన దేశపు మొక్కే కదా, మరి ఎందుకిలా అవుతోంది?

జవాబు: మీ మొక్కలకు తిండి తక్కువ కాలేదు. పెట్టింది తినలేని స్థితిలో ఉన్నాయి. మీరు చెప్పిన లక్షణాలు ఇనుపధాతు లోపానివి. నత్రజని తక్కువైతే ముందుగా అడుగున ఉన్న ముదురాకులు ఈనెలతో సహా పాలిపోతాయి. మెగ్నీషియం లోపంలో ఈనెలు పచ్చగానే ఉంటాయి గానీ, అది కూడా ముదురాకుల్లోనే మొదలవుతుంది. ఇనుము ఒకసారి ఆకులో చేరితే అక్కడి నుంచి పెద్దగా కదలదు. అందుకే పాత ఆకులు పచ్చగా ఉండగానే కొత్త చిగుళ్లు పాలిపోతాయి. లోపం ముదిరితే తెల్లగా వచ్చి, అంచులు మాడతాయి.

మన దేశపు మొక్క అన్న మాట నిజమే. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిల్లు. కానీ ఇది వానలు దండిగా కురిసి, సున్నం కొట్టుకుపోయి, కొంచెం పుల్లగా మారిన ఎర్ర నేలలకు అలవాటు పడిన మొక్క. మట్టి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 కంటే తక్కువైతే పుల్లటి నేల, ఎక్కువైతే క్షార నేల) 5 నుంచి 6 వరకు ఉంటే హాయిగా పెరుగుతుంది. 7 దాటితే మట్టిలో ఇనుము ఎంత ఉన్నా వేళ్లు తీసుకోలేని రూపంలోకి మారిపోతుంది. దేశవాళీ మొక్క ఏ మట్టిలోనైనా బతుకుతుందని చాలామంది నమ్ముతారు. దాని సొంత ఊరి మట్టి ఎలాంటిదో చూడకుండా నాటడం వల్లే ఇబ్బంది పడుతున్నారు.

మీ దగ్గర సున్నం నాలుగు దారుల్లో వచ్చి చేరుతోంది. సిమెంటు గోడ నుంచి వానకు కరిగి దిగే సున్నం ఒకటి. గోడ కట్టినప్పుడు పునాది పక్కన పూడ్చేసిన సిమెంటు పెళ్లలు, ఇసుక రద్దు రెండోది. మూడోది సున్నపు లవణాలున్న బోరు నీరు. పాదు అంచున తెల్లటి పొర కనిపిస్తోందా, చూడండి. నాలుగోది మీరు ప్రేమగా వేసిన పెంకుల పొడి, బూడిద. ఈ రెండింటినీ ఈ రోజే ఆపేయండి. డీఏపీ కూడా వద్దు, అందులోని భాస్వరం ఎక్కువైతే ఇనుము అందడం ఇంకా తగ్గుతుంది. వాటర్ ప్యూరిఫయర్ నుంచి వృథాగా పోయే నీటిని మొక్కలకు పోసే అలవాటు ఉంటే, ఈ మొక్కలను మాత్రం వదిలేయండి. అందులో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి.

ముందుగా ఓ చిన్న పరీక్ష చేయండి. పాదులో జానెడు లోతు నుంచి చెంచాడు పొడి మట్టి తీసి, దానిమీద వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే మట్టిలో సున్నం దండిగా ఉన్నట్టే. నురగ రాకపోయినా పీహెచ్ ఎక్కువే ఉండొచ్చు కాబట్టి మట్టి పరీక్ష చేయించడం మంచిది.

వెంటనే ఊరట కోసం ఆకులపై పిచికారీ చేయాలి. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు, తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం కూడా తడిసేలా కొట్టండి. ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవాలి. నిలవ ఉంచితే ద్రావణం తుప్పు రంగుకు తిరిగిపోతుంది, అప్పుడది పనిచేయదు. గోడమీద, గచ్చుమీద పడితే తుప్పు మరకలు వదలవు, పాత గోనె సంచి అడ్డం పెట్టుకోండి. వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు కొట్టాక కొత్త చిగురు పచ్చగా వస్తే మన అంచనా సరైనదే. బాగా తెల్లబడిన పాత ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు, వాటిని చూసి టెన్షన్ పడకండి.

అన్నభేదిని పాదులో గుప్పెడు వేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. సున్నం నేలలో అది కొద్ది రోజుల్లోనే తుప్పుగా మారి వేళ్లకు అందకుండా పోతుంది. మట్టికే ఇవ్వాలనుకుంటే చీలేటెడ్ ఇనుము (తుప్పుగా మారిపోకుండా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము) వాడాలి. అందులోనూ ఈడీటీఏ రకం క్షార నేలలో నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం నిలుస్తుంది. కొనేముందు ప్యాకెట్‌పై చూసుకోండి.

శాశ్వతంగా బాగుపడాలంటే చోటు మార్చడమే మేలు. మట్టి బుసబుసలాడితే గంధకం వేసి దాన్ని పుల్లబరచడం దాదాపు అయ్యే పని కాదు, వేసిన గంధకాన్నంతా సున్నం మింగేస్తుంది. వానాకాలం మొదట్లో మొక్కలను పెద్ద మట్టిగడ్డతో లేపి, సున్నం లేని ఎర్రమట్టి, బాగా చివికిన ఆకుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన పెద్ద కుండీల్లో నాటండి. లేపేటప్పుడు వేళ్లమీద ముడుల్లాంటి బుడిపెలు ఉన్నాయేమో చూడండి. ఉంటే నులిపురుగులు పట్టినట్టు, ఆ పాత మట్టిని కుండీలోకి రానీయకండి. ఎండాకులు మొక్క మొదలు చుట్టూ మందంగా పరిచి, వీలైనప్పుడల్లా పట్టి ఉంచిన వాన నీరు పోయండి. తేమ ఉండాలి గానీ నీరు నిలవకూడదు.

ఇక పూల సంగతి. నూరువరహాలు కొమ్మ చివరే పూస్తాయి. నెలనెలా పైన కత్తెర వేస్తుంటే రాబోయే మొగ్గలనే కోసి పారేస్తున్నారన్నమాట. ఒక విడత పూత అయిపోయాక, వాడిన గుత్తి కింద రెండు జతల ఆకుల వరకు తీస్తే చాలు. గోడ ఎత్తుకు సరిపోయేలా పలకలా చెక్కాలన్న కోరిక మానుకోండి, పొదను పొదలాగే పెరగనివ్వండి. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి. ఆకులపై నల్లటి మసి, కొమ్మలమీద చీమల బారులు కనిపిస్తే పొలుసు పురుగో పిండినల్లో ఉన్నట్టే. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి కొట్టండి. అయితే విచ్చిన పూలమీద పడనీయకండి, ఆ సన్నటి పొడవాటి గొట్టాల్లోని తేనె కోసం సీతాకోకచిలుకలు వస్తాయి.

ఈ మొక్కల నుంచే కొత్తవి చేసుకోవాలంటే చిగుళ్లు ఆకుపచ్చగా మారే వరకు ఆగండి. ఆ తర్వాత పూత లేని, సగం ముదిరిన కొమ్మల నుంచి 10 – 15 సెం.మీ. ముక్కలు తీసి, అడుగు ఆకులు తుంచి, ఇసుక, కొబ్బరి పొట్టు మిశ్రమంలో నాటి నీడన ఉంచండి. గాలిలో తేమ తగ్గకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పండి. వేళ్లు రావడానికి నెల పైనే పడుతుంది, మధ్యలో పీకి చూడకండి.