గొట్టం దారి తేల్చుకున్నాకే చిమ్నీ

ప్రశ్న: విజయవాడలో 15 ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాం. వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఎండుమిరప పోపు వేసినా, చేపలు వేయించినా ఘాటు హాల్లోకి వచ్చేస్తోంది. పొయ్యి పైనున్న అలమర తలుపులను ముట్టుకుంటే చేతికి జిడ్డు అంటుకుంటోంది. పొయ్యి వెనక గోడకు అవతల పక్క ఫ్లాటు ఉంది. ఎడమవైపు బయటి గోడ పొయ్యికి 6 అడుగుల దూరంలో ఉంది. గొట్టం అక్కర్లేని చిమ్నీ కొనమని దుకాణంలో చెబుతున్నారు. కొనమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: వద్దండి. గొట్టం లేని చిమ్నీలో జాలీ కొంత నూనెను పట్టుకుంటుంది, బొగ్గు ఫిల్టరు కొంత వాసనను తగ్గిస్తుంది. కానీ వేడి, ఆవిరి, గ్యాసు మండినప్పుడు పుట్టే వాయువులు తిరిగి మీ గదిలోకే వస్తాయి. పైగా ఆ బొగ్గు ఫిల్టరును కొన్ని నెలలకోసారి మారుస్తూ ఉండాలి. బయటి గోడ ఏ వైపూ లేనివారికి అది గత్యంతరం లేని ఏర్పాటు; మీకు 6 అడుగుల దూరంలోనే గోడ ఉంది.

ముందుగా గొట్టం ఏ దారిన పోవాలో తేల్చుకోండి, చిమ్నీ ఎంపిక ఆ తరువాత. మీ వంటగది ఎత్తు 9 అడుగులనుకుంటే అందులోని గాలి మొత్తం సుమారు 20 ఘన మీటర్లు. గంటకు 1200 ఘన మీటర్లు లాగుతుందని పెట్టె మీద రాసిన చిమ్నీ, లెక్క ప్రకారం ఆ గాలిని గంటలో 60 సార్లు బయటికి పంపాలి. అయినా చాలా ఇళ్లలో పొగ నిలిచిపోతోందంటే, లోపం మోటారులో కంటే గొట్టంలోనే ఎక్కువగా ఉంటుంది. 6 అంగుళాల గొట్టాన్ని మధ్యలో 4 అంగుళాలకు తగ్గించడం, అవసరానికి మించి వంపులు తిప్పడం, ముడతల అల్యూమినియం గొట్టాన్ని పూర్తిగా సాగదీయకుండా అలమర పైన చుట్టలా కుక్కేయడం నేను తరచూ చూసే తప్పులు. ఆ ముడతల్లో గాలి వేగం పడిపోతుంది, నూనె పేరుకుంటుంది. మీ ఇంట్లో చిమ్నీ నుంచి పైకి లేచిన గొట్టం ఒక్కసారి ఎడమకు తిరిగి, అలమరల మీదుగా తిన్నగా గోడలోకి వెళ్లాలి. మిగిలిన గొట్టాన్ని కోయించేయండి.

రంధ్రాన్ని సుత్తితో కొట్టించకుండా కోర్ కటింగ్ యంత్రంతో, స్లాబు కింది బీముకూ కిటికీ మీది లింటెల్‌కూ తగలకుండా, వాన నీరు లోపలికి రానట్టు బయటివైపు కొద్దిగా వాలుగా వేయించండి. అంతకుముందే అసోసియేషన్ అనుమతి తీసుకోండి. బయటి కొసకు రెక్క ఉన్న మూత పెట్టించండి. దగ్గర దారి కదా అని గొట్టాన్ని బాత్‌రూము కిటికీలు తెరుచుకునే షాఫ్టులోకి వదిలితే, మీ పోపు ఘాటు పై ఇంటివారికి చేరుతుంది.

రెండు బర్నర్ల పొయ్యికి 60 సెంటీమీటర్ల చిమ్నీ చాలు, మూడు గానీ నాలుగు గానీ ఉంటే 90 తీసుకోండి. పొయ్యి మీద ఎంత ఎత్తున బిగించాలో దానితో వచ్చే పుస్తకంలో ఉంటుంది. సాధారణంగా 26 నుంచి 30 అంగుళాలు.

ఒక విషయం మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. బయటికి పోయినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి కాబట్టి, చిమ్నీ నడిచేటప్పుడు హాలు కిటికీ ఒకటి తెరిచి ఉంచండి. యుటిలిటీలో గ్యాస్ గీజరు ఉండి ఇల్లంతా మూసి ఉంటే, చిమ్నీ ఆ గీజరు వదిలిన వాయువులను ఇంట్లోకి లాగవచ్చు. వాటిలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు ఉండవచ్చు, అది ప్రాణాంతకం. అలాగే గ్యాసు వాసన వచ్చినప్పుడు చిమ్నీ వేయకండి. సిలిండరులో వచ్చే వంటగ్యాసు గాలికన్నా బరువైనది, నేల దగ్గరే పరుచుకుంటుంది. పైనున్న చిమ్నీ దాన్ని తీసేయలేదు సరికదా, స్విచ్చు నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి.

బిగించడం పూర్తయ్యాక అగరుబత్తి వెలిగించి పొయ్యి ముందు అంచున పట్టుకోండి. పొగ మీ ముఖం వైపు రాకుండా చిమ్నీ వైపు వంగి లోపలికి పోవాలి. అది కళ్లారా చూశాకే ఫిట్టరుకు మిగతా డబ్బు ఇవ్వండి.