పాపకి చెప్పే వెళ్ళు

అమ్మలూ,

బ్యాంకు వాళ్ళు ఐదు రోజుల ట్రైనింగ్‌కి హైదరాబాద్ రమ్మన్నారనీ, ఏడాదిన్నర పాపని వదిలి వెళ్ళడానికి నీకు మనసు ఒప్పడం లేదనీ మీ అమ్మ చెప్పింది. వెళ్ళు. వాళ్ళ నాన్న ఉన్నాడు, మీ అత్తగారు ఉన్నారు, పాపకి అలవాటైన ఇల్లే. నర్సు ఉద్యోగంలో ఎందరో తల్లుల్ని చూసి, నా పిల్లల్ని ఇంట్లో వదిలి డ్యూటీలకి తిరిగినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. పాప కళ్ళుగప్పి వెళ్ళకు. మన ఇళ్ళలో ఎక్కువగా చేసేది అదే. ఒకరు పిల్లని డాబా మీదికి తీసుకెళ్ళి కాకిని చూపిస్తుంటారు, తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి దారిన జారుకుంటుంది. అప్పటికి ఏడుపు తప్పుతుంది గానీ, తర్వాత నువ్వు వంటింట్లోకి వెళ్ళినా పిల్ల కొంగు వదలదు. తల్లి కనబడకపోతే బెంగపడే వయసు కదా అది. అందుకే బ్యాగు కూడా దాని ముందే సర్దు. గుమ్మం దగ్గర ఎత్తుకుని, "అమ్మ ఊరెళ్ళొస్తుంది, నువ్వు నానమ్మ దగ్గర బజ్జో, అమ్మ మళ్ళీ వచ్చేస్తుంది" అని చెప్పి, ముద్దు పెట్టి, వాళ్ళ నాన్న చేతికిచ్చి బయల్దేరు. ఏడుస్తుంది. ఏడవనీ. ఏడుపు విని వెనక్కొచ్చి మళ్ళీ ఎత్తుకుంటే ఇద్దరికీ మరీ కష్టం.

రాత్రిళ్ళు ఇంకా పాలు తాగుతోంది కదా, "ఈ వంకన మాన్పించెయ్, వేపాకు ముద్ద రాస్తే సరి" అనేవాళ్ళు ఉంటారు. ఇప్పుడొద్దు. అమ్మా లేక, వచ్చాక పాలూ లేక పిల్ల అల్లాడుతుంది. మాన్పించాలనుకుంటే నువ్వొచ్చి, అది కుదుటపడ్డాక నెమ్మదిగా చూద్దువు. అక్కడ మాత్రం పాప తాగే వేళలకి పాలు పిండెయ్యి. సిగ్గుపడి ఊరుకుంటే రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. ఎర్రబడి జ్వరం తగిలితే వెంటనే డాక్టర్‌కి చూపించుకో.

నువ్వు కట్టి విడిచిన కాటన్ చీర ఒకటి ఉతక్కుండా పాప పక్కలో వెయ్యమను. నీ వాసనకి తొందరగా నిద్రపోతుంది.

మందుల విషయంలో అల్లుడికి నోటిమాటగా చెప్పి ఊరుకోకు. జ్వరానికి వాడే పారాసిటమాల్ చుక్కల మందూ, సిరప్పూ ఒకటి కాదు. చుక్కల్లో మందు చాలా ఎక్కువ చిక్కదనంలో ఉంటుంది. సిరప్ కొలతలో దాన్ని పోస్తే ప్రమాదం. ఇంట్లో ఒకటే సీసా ఉంచి, పాప బరువుని బట్టి డాక్టర్ చెప్పిన కొలత కాగితం మీద రాసి దానికే అంటించు. తిండీ స్నానం సంగతి వాళ్ళకే వదిలెయ్. ఎంత తింది, ఏం తింది అని గంటగంటకీ ఫోన్ చేస్తే మీ అత్తగారికీ టెన్షనే. వీడియో కాల్ పాప తిని ఆడుకునే వేళలో చెయ్యి, నిద్రవేళకి వద్దు. నిన్ను చూసి ఏడుస్తుంటే ఆ రోజుకి అల్లుడితో మాట్లాడి పెట్టెయ్.

అసలు కష్టం తిరిగొచ్చాక ఉంటుంది, అది ఎవరూ ముందుగా చెప్పరు. 1991 గోదావరి పుష్కరాలకి నాకు రాజమండ్రిలో డ్యూటీ వేశారు. పుష్కరాలు పన్నెండు రోజులు కదా, మీ అన్నయ్యకి అప్పుడు రెండేళ్ళు. ఇంటికొచ్చి చేతులు చాస్తే మా అత్తగారి కుచ్చిళ్ళలో మొహం దాచుకున్నాడు. సాయంత్రం దాకా దగ్గరికే రాలేదు. రాత్రికి మాత్రం నా జుట్టు పిడికిట్లో పట్టుకుని పడుకున్నాడు. నీ పాపా అలాగే మొహం తిప్పుకోవచ్చు. నిన్ను మర్చిపోయిందనుకోకు, అది అలక. "అమ్మని మర్చిపోయావా?" అని అడగొద్దు, వాళ్ళ చేతుల్లోంచి లాక్కోవద్దు. కాళ్ళూ చేతులూ కడుక్కుని దాని బొమ్మల దగ్గర కింద కూర్చో. తెచ్చిన బొమ్మ చూపించి పిలవకు, అది మర్నాడు ఇవ్వొచ్చు. దానంతటదే వస్తుంది.

వచ్చాక కొన్నాళ్ళు బాత్‌రూమ్ తలుపు దాకా వెంటపడుతుంది, రాత్రి లేచి నువ్వున్నావో లేదో తడుముకుంటుంది. "మా దగ్గర ఇలా చెయ్యలేదే" అని ఎవరైనా అంటే నొచ్చుకోకు. ఇన్నాళ్ళూ దాచుకున్న బెంగంతా నీ దగ్గరే తీర్చుకుంటుంది. నువ్వూ "పిల్ల సగమైపోయింది" అన్న మాట పొరపాటున కూడా అనొద్దు, మీ అత్తగారు ఎంత కష్టపడి ఉంటారో ఆలోచించు. ఈ ఐదు రోజుల్లో అల్లుడు పప్పన్నం కలిపి తినిపించడం నేర్చుకుంటే ఆ పని ఆయన దగ్గరే ఉండనీ.

శనివారం మధ్యాహ్నానికి ట్రైనింగ్ అయిపోతే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కు, ఆదివారం తెల్లవారేసరికి విశాఖలో దిగుతావు. పాప లేచే వేళకి పక్కన ఉండొచ్చు. సోమవారానికి ఇప్పుడే సెలవు చీటీ ఇచ్చెయ్.

ఆశీస్సులతో,
పెద్దమ్మ