కిట్లు కొనకముందు ఇళ్ళకి వెళ్ళండి

చిరంజీవి నాన్నకి పెద్దమ్మ ఆశీస్సులు.

మన విచారణలో, అంటే మన చర్చి పరిధిలో, బీదలకి సాయం చేసే విన్సెంట్ డి పాల్ సంఘానికి నిన్ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన ప్లాను కూడా చదివాను. క్రిస్మస్‌కి 200 ఇళ్ళకి కిట్లు, ఒక్కో కిట్టులో పది కిలోల బియ్యం, దుప్పటి, కేకు. గుడి ఆవరణలో షామియానా, నాయకుల చేతుల మీదుగా పంపిణీ. కుర్రాళ్ళంతా మంచి హుషారు మీదున్నారని రాశావు. ఆ హుషారు ఒక్కరోజు పండగతో అయిపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. క్రిస్మస్‌కి ఇంకా మూడు నెలలుంది. కొనుగోలు మాట పక్కన పెట్టి, ముందు ఇళ్ళకి వెళ్ళండి.

ఇది నా సొంత పైత్యం కాదు, మన సంఘం పుట్టిందే అలా. 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజనాం అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి తన స్నేహితులతో కలిసి దీన్ని మొదలుపెట్టాడు. నీకంటే చిన్నవాడు. క్రైస్తవులు ఒకప్పుడు గొప్ప పనులు చేశారు సరే, ఇప్పుడేం చేస్తున్నారని తోటి విద్యార్థులు నిలదీస్తే, దానికి జవాబుగా వీళ్ళు బీదల ఇళ్ళకి నడిచారు. ఎలా వెళ్ళాలో, ఎలా మాట్లాడాలో వాళ్ళకి తెలియదు. ఆ పేటల్లో ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న సిస్టర్ రోజలీ రాండూ దగ్గరికి వెళ్ళి నేర్చుకున్నారు. ఆమె ఇళ్ళ చిరునామాలిచ్చి పంపింది. ఓజనాం నలభై ఏళ్ళకే కన్నుమూశాడు, 1997లో రెండో జాన్ పాల్ పోపు గారు ఆయనని ధన్యుడిగా, అంటే పునీతుడయ్యే ముందు మెట్టులో, ప్రకటించారు. ఇంత పెద్ద సంఘానికి మూలం గోడౌను కాదు, షామియానా కాదు. ఒకరి గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికెళ్ళి కూర్చోవడమే.

ఇక బియ్యం సంగతి. మనవాళ్ళలో చాలా ఇళ్ళకి రేషన్ కార్డుంది, మనిషికి నెలకి అయిదు కిలోల బియ్యం ఉచితంగానే వస్తున్నాయి. ఆ ఇంట్లో లేనిది బియ్యం కాదు. కందిపప్పు లేదు, నూనె లేదు, గ్యాస్ బండ అయిపోయి నెలవుతుంది. గుంటూరు జనరల్ ఆసుపత్రికి వెళ్ళిరావడానికి ఆటో ఛార్జీలు లేవు. మంచం పట్టినవాళ్ళకి డైపర్లు లేవు, పిల్లకి పరీక్ష ఫీజు లేదు. నువ్విచ్చే పది కిలోలూ ఆ సాయంత్రమే కిరాణా కొట్టుకి చేరి, చవగ్గా అమ్ముడుపోయి, పప్పుగా మారుతుంది. వాళ్ళని తప్పుపట్టకు, తెలివైన పని చేశారు. కాకపోతే ఆ నష్టమేదో మనమే ఆపొచ్చు కదా. రేషన్ కార్డే లేని ఇల్లు ఒకటుంటుంది, కాపురం వేరుపడినవాళ్ళో, వేరే జిల్లా నుంచి పనికొచ్చినవాళ్ళో. అక్కడ బియ్యం నిజంగానే కావాలి. ఏ ఇల్లు ఏదో గుడి మెట్ల మీద నిలబడి చూస్తే తెలియదు.

ఒక ఇంటి సంగతి చెబుతాను, పేరూ ఊరూ వద్దు. మిరప కోతల రోజులు. సాయంత్రం వెళితే ఆమె అప్పుడే చేలోంచి వచ్చి, చేతులు మండుతున్నాయని మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. లోపల నులకమంచం మీద పక్షవాతంతో తల్లి. ఇంట్లో ఏం తక్కువైందని మా కళ్ళు వెతుకుతున్నాయి. బియ్యం డబ్బా నిండుగానే ఉంది. ఏం కావాలమ్మా అంటే చాలాసేపు ఏమీ వద్దంది. టీ పెట్టిచ్చింది, తాగాం. లేచి వచ్చేస్తుంటే అప్పుడు అడిగింది: "ఎవరన్నా పొద్దున పూట మా అమ్మ దగ్గర కాసేపు కూర్చుంటారా? ఒక్కదాన్నీ వదిలి వెళ్ళలేక వారంలో సగం రోజులు కూలి పోతోంది." జపమాల ప్రార్థనకి వచ్చే ఆడవాళ్ళు నలుగురు వంతులు వేసుకుని ఆ సీజనంతా కూర్చున్నారు. సంఘం ఖాతాలోంచి ఒక్క రూపాయి కదల్లేదు. ఏ కిట్టులో పెడతావు నాన్నా దాన్ని?

అందుకే ఆ టీ తాగడం ముఖ్యం. వద్దనకు, మీరు కష్టపడొద్దు అనకు. పుచ్చుకునేవాళ్ళకి ఇచ్చే గౌరవం కూడా దక్కాలి. వెళ్ళడం ఎప్పుడూ ఇద్దరుగానే. ప్రభువు పన్నెండుమందినీ ఇద్దరిద్దరుగానే పంపాడు. ఒంటరి ఆడవాళ్ళ ఇంటికీ, పిల్లలు మాత్రమే ఉన్న ఇంటికీ ఇద్దరిలో ఒకరు తప్పకుండా ఆడమనిషి అయి ఉండాలి. పగలు వెళితే తాళాలే కనిపిస్తాయి, కూలి ఇళ్ళకి సాయంత్రం ఆరు దాటాకే వెళ్ళాలి. మొదటిసారి పుస్తకం తీసి రాసుకోవద్దు, సర్వే వాళ్ళనుకుని మూగబోతారు. బయటికొచ్చాక రాసుకోండి. ఏ ఇల్లు ఎక్కడో మీకు తెలియకపోతే ఊళ్ళో ప్రార్థనలు నడిపించి జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి గారిని వెంటబెట్టుకోండి. ఎవరింట్లో పొయ్యి వెలిగిందో వెలగలేదో ఫాదర్ గారికంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

మీరు చేయగలిగిన అతి పెద్ద సాయం చాలాసార్లు గవర్నమెంటు కాగితాల దగ్గరే ఉంటుంది. పైన చెప్పిన తల్లిలాంటి వాళ్ళనే తీసుకో. మన రాష్ట్రంలో వృద్ధాప్య, వితంతు పెన్షన్ నెలకి 4,000, దివ్యాంగులకి 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. మంచంలో ఉన్నామెకి 4,000 మాత్రమే వస్తోందంటే, ఆమెని డాక్టర్ల ముందుకి తీసుకెళ్ళి ధ్రువపత్రం రాయించేవాళ్ళు లేకనే. ఆటో మాట్లాడి, ఆసుపత్రిలో లైన్లో నిలబడి, సచివాలయంలో అప్లికేషన్ పెట్టించి, అది ఎక్కడ ఆగిందో వారం వారం అడగడం. బ్యాంకులో పనిచేసేవాడివి, ఈ తిరుగుడు నీకు కొట్టినపిండి. ఏడాదికొకసారి ఇచ్చే దుప్పటికీ, నెలనెలా ఇంటికొచ్చే పెన్షన్‌కీ ఎంత తేడానో నువ్వే లెక్క వేసుకో.

ముసలి కూలీల వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోదు. వాళ్ళని ఆధార్ సెంటరుకి తీసుకెళ్ళి అప్‌డేట్ చేయించండి. ఆపరేషన్ అనగానే అప్పుకి పరిగెత్తే ఇంటికి ఎన్టీఆర్ వైద్య సేవ గురించి చెప్పండి. పాత పేరు ఆరోగ్యశ్రీ అంటేనే అందరికీ తెలుస్తుంది. 2007 నుంచి ఉన్న పథకమే అయినా, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, అక్కడ ఆరోగ్యమిత్రని కలవాలనీ తెలియక ప్రైవేటులో వేలు పోసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. క్షయ మందులు వాడుతున్నవాళ్ళకి తిండి కోసం నెలకి 1,000 బ్యాంకులో పడాలి. ఖాతా ఆధార్‌తో కలవక ఆగిపోయిందేమో చూడండి. అయితే ఆపరేషన్ ఫ్రీగా జరిగినా తోడు వచ్చిన మనిషి భోజనం, దారి ఖర్చు, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. సంఘం డబ్బు అక్కడ పెట్టండి.

అప్పు మాత్రం ఇవ్వొద్దు. ఇస్తే ఇచ్చేయండి, లేదంటే లేదని చెప్పండి. సంఘం దగ్గర అయిదు వేలు చేబదులు తీసుకుని తీర్చలేనివాళ్ళు ముందు మీ కంట పడకుండా తిరుగుతారు, ఆ తర్వాత ఆదివారం పూజకే రావడం మానేస్తారు. అయిదు వేల కోసం ఒక కుటుంబాన్ని గుడికి దూరం చేసినవాళ్ళమవుతాం. లేదని చెప్పాల్సి వస్తే ఆ వారంలోనే ఇంటికెళ్ళి ముఖాముఖి చెప్పండి. చూద్దాం చూద్దాం అంటూ తిప్పుకోవడం కంటే అదే మర్యాద.

ఇప్పుడు అసలు గొడవలు వచ్చే చోటికి వస్తాను. పెద్ద గుడి చుట్టూ ఉన్న ఇళ్ళ పేర్లు లిస్టులో ముందుంటాయి, దూరాన ఉన్న సబ్‌స్టేషన్ ఊళ్ళ, అంటే పెద్ద గుడి కింద చిన్న గుళ్ళున్న ఊళ్ళ, పేర్లు చివర చేరతాయి. "మా పేటకి రాలేదు, మావాళ్ళకి ఇవ్వలేదు" అన్న మాట తప్పకుండా వింటావు. దాని వెనక కులం ఉంటుంది, బంధుత్వం ఉంటుంది, గుడి కౌన్సిల్లో ఎవరెవరున్నారన్నదీ ఉంటుంది. కోపం తెచ్చుకోకు. అపోస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీసి చదువు. మొదటి క్రైస్తవ సంఘంలో వచ్చిన గొడవ అచ్చంగా ఇదే. రోజూ చేసే పంపిణీలో గ్రీకు మాట్లాడేవాళ్ళ విధవరాండ్రని పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైంది. అపోస్తలులు వాళ్ళని కసురుకోలేదు, లెక్కలు చూపించి వాదించలేదు. ఏడుగురిని ఎన్నిక చేయించి పని అప్పజెప్పారు. ఆ ఏడుగురి పేర్లూ చూడు, స్తెఫను, ఫిలిప్పు, తక్కినవాళ్ళందరివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఎటువైపు నుంచి వచ్చిందో బాధ్యత అటువైపు ఇచ్చారు. నువ్వూ అదే చెయ్యి. ఏ పేట నుంచి మాట వస్తే ఆ పేట నుంచి ఒకరిని సంఘంలోకి తీసుకో, వీలైతే ఆడవాళ్ళని.

మన గుడికి రానివాళ్ళ ఇళ్ళు కూడా లిస్టులో ఉండాలి. హిందువులు, ముస్లింలు, వేరే సంఘాల విశ్వాసులు, తండావాళ్ళు. ఆకలికి రిజిస్టరు లేదు. అయితే ఒక్కటి గట్టిగా పట్టుకో: సాయం చేసే సంచిలో కరపత్రం పెట్టొద్దు, గుడికి రమ్మని ఆ పూట అనొద్దు. వాళ్ళు అడిగితే ప్రార్థన చేయండి, అడగకపోతే మనింటికొచ్చి మనసులో చేసుకుందాం. సాయానికి షరతు ఉందన్న అనుమానం ఒక్క ఇంట్లో పుట్టినా ఊరంతా పాకుతుంది. ఇవాళ్టి రోజుల్లో దాని టెన్షన్ ఫాదర్ గారి మీద, సిస్టర్ల మీద పడుతుంది. అంతకంటే ముందు, అది ప్రభువు పద్ధతే కాదు.

ఫోటోల విషయం నీకు నచ్చదని తెలుసు. అయినా చెబుతాను. తీసుకునేవాళ్ళ ముఖం ఒక్క ఫోటోలో కూడా ఉండకూడదు. పదో తరగతి చదివే పిల్ల వాళ్ళమ్మ చెయ్యి చాపుతున్న బొమ్మని క్లాసు గ్రూపులో చూస్తే ఆ పిల్ల ఏమైపోవాలి? కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటకి, ఫ్లెక్సీకి పొత్తు ఎలా కుదురుతుంది? నాయకుల చేతుల మీదుగా అన్నది కూడా మానెయ్. ఇవాళ ఒకరిని పిలిస్తే రేపు ఇంకొకరిని పిలవాలి, ఎన్నికలొస్తే మన గుడి ఆవరణ వాళ్ళ సభ అవుతుంది. వాళ్ళు నిజంగా సాయం చేస్తామంటే సబ్‌స్టేషన్ రోడ్డుకి వీధిదీపాలు వేయించమను.

డబ్బు లెక్క నీకు నేను నేర్పక్కర్లేదు, గుడి పద్ధతులు మాత్రం వదులుకోకు. మీటింగు చివర సంచి తిప్పడం మన సంఘం ఆచారం, ఎవరెంత వేశారో ఎవరికీ తెలియదు. దాన్ని ఫోన్‌పేకి మార్చకు. అందులో లేనివాడి పది రూపాయలకీ ఉన్నవాడి వెయ్యికీ ఒకే మర్యాద. ఈస్టర్‌కి ముందు తపస్సు కాలంలో ఆడవాళ్ళు వండేటప్పుడల్లా తీసిపెట్టే పిడికెడు బియ్యం, పునీత అంతోని వారి పెట్టెలో పడే చిల్లర, ఇవి మన సొంత ఆధారం. నెలనెలా లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి. వైద్యం ఇంత, చదువులు ఇంత అని పద్దులే రాయండి, పేర్లు వద్దు. పేర్లున్న పుస్తకం ఒక్కటే ఉండాలి, అది బీరువాలో ఉండాలి.

అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లలు పంపుతామన్నారని రాశావు, అక్కడ జాగ్రత్త. విదేశీ విరాళాల చట్టం గట్టిది, 2020 సవరణతో ఇంకా బిగుసుకుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, మన సొంత మేనల్లుడే అయినా, చట్టం దృష్టిలో విదేశీయులే. రిజిస్ట్రేషన్ లేని ఖాతాలో ఆ డబ్బు పడకూడదు. ఒక్క రూపాయి తీసుకోకముందే ఫాదర్ గారితో కలిసి మేత్రాసన కార్యాలయంలో, అంటే బిషప్ గారి ఆఫీసులో, డబ్బు వ్యవహారాలు చూసే ప్రొక్యూరేటర్ గారిని అడుగు. కుదరదంటే ఆ పిల్లలని నిరాశపరచకు. సెలవుల్లో ఊరికొచ్చినప్పుడు ఒక సాయంత్రం మీతోపాటు ఇళ్ళకి రమ్మను.

వరదలూ తుఫాన్లూ వచ్చినప్పుడు పద్ధతి వేరు, అప్పుడు ఇల్లిల్లూ అడుగుతూ కూర్చోలేం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మొదటి రోజుల్లో కావలసింది తాగునీళ్ళు, పాలు, వండిన అన్నం. నీళ్ళు తీశాక కావలసింది బురద ఎత్తే పారలు, బ్లీచింగ్ పౌడరు, తడిసిపోయిన కాగితాలు మళ్ళీ తీయించే మనుషులు. అలాంటప్పుడు పాత బట్టల మూటలు మాత్రం పోగెయ్యొద్దు.

క్రిస్మస్ సంగతికి వస్తే, ఆ 200 అన్న అంకె ముందు కొట్టెయ్. ఇద్దరిద్దరుగా ఆరు జట్లు చేసి, జట్టుకి నాలుగు ఇళ్ళు అప్పజెప్పు. నవంబరు ఆఖరుకల్లా ఒక్కో ఇంటికీ కనీసం మూడుసార్లు వెళ్ళి ఉండాలి. అప్పుడు కూర్చుని ఏ ఇంటికి ఏది కావాలో రాయండి. దుప్పట్లు కావలసిన ఇళ్ళకి డిసెంబరు మొదటి వారంలోనే ఇచ్చేయండి, చలి 25వ తారీకు దాకా ఆగదు. కేకు అందరికీ ఇవ్వండి, అది సాయం కాదు, పండగ. మిగిలిన డబ్బు జూన్ కోసం దాచు, బడులు తెరిచేటప్పుడు ప్రతి ఇంటికీ ఒక్కసారిగా భారం పడుతుంది.

ఈ శనివారం మీటింగులో ఈ ఉత్తరం చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు, ఆ మిరప చేల ఇంటి సంగతి మాత్రం వదిలెయ్. వాళ్ళెవరో పోల్చుకునేవాళ్ళు ఉంటారు. మొదటి జట్టుని చెరువు అవతలి కాలనీకి పంపు. అక్కడ ఒక ఇంట్లో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే ఆయన ఉన్నాడు, తెల్లవారుజామున ఆటో దొరక్క ఇబ్బంది పడుతున్నాడని ఉపదేశి గారు చెప్పారు. ముందు ఆ సంగతి చూడండి.

ఇట్లు,
నీ పెద్దమ్మ