పెరటి కోళ్లకు నీళ్లు: బెల్ డ్రింకరా, నిపుల్ లైనా?

ప్రశ్న: పెరట్లో 60 వనరాజ కోళ్లు పెంచుతున్నాను. స్టీలు పళ్ళాల్లో నీళ్లు పెడితే గంట తిరక్కుండానే మట్టి, రెట్టలు నిండిపోతున్నాయి. పోయిన వానాకాలంలో నెల వయసు పిల్లలు నెత్తురు పారుడుతో వరసగా చనిపోయాయి. నీళ్లలో బ్లీచింగ్ వేసినా ఆగలేదు. గంట ఆకారంలో వేలాడే బెల్ డ్రింకర్ కొనాలా, కోడి ముక్కుతో తాకితే చుక్కలు వచ్చే నిపుల్స్ బిగించిన పైపు, అంటే నిపుల్ లైను పెట్టించాలా? మళ్ళీ పిల్లల్ని దించాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: బ్లీచింగ్ వేసినా ఎందుకు ఆగలేదో ముందు చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి అది రక్త పారుడు, అంటే కాక్సిడియోసిస్ అయి ఉండాలి. ఆ పరాన్నజీవి గుడ్లు రెట్టలో బయటికొస్తాయి. తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించేలా తయారవుతాయి. తాగే నీళ్లలో మనం కలిపే బ్లీచింగ్‌లోని క్లోరిన్‌కు అవి చావవు. కాబట్టి రెట్ట నీళ్లలో పడకూడదు, నీళ్లు కోళ్ల కింద పరిచిన ఊక మీద పడకూడదు. మీరు ఏది కొన్నా ఈ రెండూ కుదరాలి.

అందుకే మీకు నిపుల్ లైనే సరిపోతుంది. బెల్ డ్రింకర్‌లోనూ నీళ్లు తెరిచే ఉంటాయి, కోళ్లు తగిలితే ఒలుకుతాయి.

మూత ఉన్న 20 లీటర్ల బకెట్, ముప్పావు అంగుళం పీవీసీ పైపు, 7 నిపుల్స్ తీసుకోండి. ఒక్కో నిపుల్‌కు 8 నుంచి 10 కోళ్లు లెక్క. పైపుకు అడుగు దూరంలో ఒకటి చొప్పున బిగించండి. బకెట్‌ను పైపుకన్నా రెండడుగులు ఎత్తులో పెట్టి, మూతకు సన్న చిల్లు వేయండి. గాలి ఆడకపోతే నీళ్లు దిగవు. పైపు చివర మూసేయకుండా చిన్న కుళాయి పెట్టండి, వారానికోసారి దాన్ని విప్పి లైను కడగడానికి. బోరు నీళ్లలో ఇసుక వస్తుంటే బకెట్‌లో పోసేటప్పుడే గుడ్డతో వడకట్టాలి. లేకపోతే ఇసుక రేణువు నిపుల్‌లో ఇరుక్కుని చుక్కలు ఆగవు.

ఎత్తు దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. కోడి మెడ పైకి చాచి తాగేలా ఉండాలి. తల వంచి పక్కనుంచి పొడిస్తే సగం నీళ్లు కిందపడతాయి. కోళ్లు పెరిగేకొద్దీ పైపు ఎత్తుతూ పోవాలి, కాబట్టి దాన్ని తాళ్లతో వేలాడదీయండి. రోజూ నిపుల్స్ కింద ఊకను గుప్పిట్లో పట్టి నొక్కి చూడండి. వదిలాక ముద్దలాగే ఉంటే తడి ఎక్కువైనట్టే. ఆ ఊక తీసేసి పొడిది వేయండి, కారుతున్న నిపుల్ మార్చండి.

పళ్ళాలను ఒక్కసారిగా తీసేయకండి. మూడు నాలుగు రోజులు రెండూ ఉంచి, నిపుల్‌ను వేలితో తట్టి చుక్క వేలాడేలా చేయండి. ఒకటి తాగితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. మొదటి వారం పిల్లలకు మాత్రం పళ్ళెం మీద డబ్బా బోర్లించినట్టుండే చిన్న ఫౌంటెన్ డ్రింకరే మేలు. దాన్ని ఇటుక మీద పెట్టి, రోజుకు రెండుసార్లు కడగాలి. కడిగేటప్పుడు లోపల వేలితో రాసి చూడండి. జారుడుగా తగిలితే ఇంకా తోమాలి. ఆ జిగురులోనే సూక్ష్మజీవులు దాక్కుంటాయి. విటమిన్లు, బెల్లం నీళ్లు ఇచ్చిన రోజు లైను తప్పకుండా కడగండి.

బ్లీచింగ్ మానొద్దు, పారుడు తెచ్చే ఇతర సూక్ష్మజీవులకు అది పనిచేస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 10 గ్రాముల తాజా పొడి చాలు. మగ్గులో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రమే పోసి, గంట తర్వాత వాడండి. కొక్కెర తెగులుకు టీకా నీళ్లలో ఇచ్చేటట్లయితే రెండు రోజుల ముందే బ్లీచింగ్ ఆపాలి, లేకపోతే టీకా పాడవుతుంది.

60 పెద్ద కోళ్లకు మామూలు రోజుల్లో 12 నుంచి 15 లీటర్లు పడుతుంది. మే నెలలో రెండింతలు దాటుతుంది. అప్పుడు బకెట్, పైపు నీడలో ఉంచి తడి గోనె చుట్టండి. నీళ్లు వేడెక్కితే కోళ్లు ముట్టవు.

మళ్ళీ నెత్తురు రెట్ట కనబడితే ఆలస్యం చేయకుండా, అప్పుడే చనిపోయిన పిల్లను సంచిలో కట్టి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. కోసి చూస్తే రోగమేంటో తెలుస్తుంది, మందు మోతాదు కూడా అక్కడే చెబుతారు.